దొరల ఫొటోలు సరే, బండి తోలినోళ్ల సంగతేంది?

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన నెల మీ ఆదివారం పేజీలో ఉత్తర తెలంగాణ మిషనరీల మీద పెద్ద వ్యాసం వేశారు. పాత ఫొటోలు బాగా దొరకబట్టారు, అందుకు మెచ్చుకోవాలి. మా బాపు భూతద్దం పెట్టుకుని, టీ చల్లారిపోయిందాకా దాన్నే చదివాడు. చదివి మడిచి పక్కన పెట్టి ఒకటే మాట అన్నాడు. "అందరు గొడుగు కింద నిలబడ్డోళ్లే ఉన్నరు బిడ్డా, గొడుగు పట్టినోడు ఒక్కడు లేడు." నా ఉత్తరం ఆ మాట గురించే. చోటు చాలకపోతే ఎక్కడైనా కోసుకోండి గానీ మెకానిక్ తాత సంగతి మాత్రం కొయ్యకండి.

నేను హనుమకొండలో గవర్నమెంటు బడిలో సోషల్ చెప్పి రిటైరయ్యాను. బాపుకు 86 ఏళ్లు. 1962 నుంచి ముప్పై ఆరేళ్లు నర్సంపేట, గూడూరు, ములుగు, ఏటూరునాగారం వైపు ఊళ్లలో పాస్టరుగా తిరిగాడు. మూడేళ్లు తిరగకుండానే ట్రాన్స్‌ఫర్ వచ్చేది, ఐదో తరగతి దాటకముందే నేను నాలుగు బళ్లు మారాను. మా సామానంతా రెండెడ్ల బండికి ఎక్కువ, రెండు బళ్లకు తక్కువ, అందుకని మిగిలిన జాగాలో కోళ్ల గంపను, నన్ను, తమ్ముణ్ని ఎక్కించేవాళ్లు. అయినా మమ్మల్ని ఎవరూ మిషనరీ కుటుంబం అనలేదు. పాస్టరోళ్లు అనేవాళ్లు. మిషనరీ అంటే తెల్లగా ఉండాలి, నెత్తిన టోపీ ఉండాలి, వెనక బంగళా ఉండాలి. మీ పేజీ కూడా అదే లెక్కన ఉంది.

అజరయ్య గారి ఫొటో వేశారు కాబట్టి ఆయనతోనే మొదలుపెడతాను. ఆయన దొర కాదు, తిరునెల్వేలి తమిళుడు. అక్కడి క్రైస్తవులు 1903లో తమ డబ్బులు తామే పోగేసుకుని ఒక మిషన్ పెట్టుకుంటే, ఆ మిషన్ పని మీదే 1909లో డోర్నకల్ వచ్చి, మన తెలుగు నేర్చుకుని, 1912లో ఆంగ్లికన్ చర్చిలో మొట్టమొదటి భారతీయ బిషప్ అయినాడు. బిషప్ అయినా ఆయన సగం బతుకు ఎడ్లబండి మీదే గడిచింది. మీ వ్యాసంలో ఇదంతా ఉంది, ఒప్పుకుంటాను. కానీ ఆ ఎడ్లు ఎవరివి? ముందు కూర్చుని తోలినదెవరు? రాత్రి పూట వాటికి గడ్డి వేసిందెవరు? నేను వెటకారానికి అడగడం లేదు, సోషల్ టీచరుగా అడుగుతున్నాను. మా హనుమకొండలో అమెరికన్ బాప్టిస్టులు 1879లోనే దిగారు. అప్పటికి వరంగల్‌కు రైలే లేదు. నిజాం రైల్వే వాళ్లు 27 బస్సులతో రోడ్డు సర్వీసు మొదలుపెట్టింది 1932లో. అంటే యాభై ఏళ్లకు పైగా ఈ ప్రాంతంలో మిషన్ అనేది ఎవడో ఒక బండివాడు ఎడ్లు కడితే కదిలింది, లేకపోతే లేదు.

మధ్యలో ఒక తప్పు చెప్పి ముందుకు పోతాను. మెదక్ చర్చి ఫొటో కింద 1914 అని పడింది. ప్రతిష్ఠ జరిగింది 1924 డిసెంబరు 25న. అచ్చుతప్పే అయ్యుంటుంది. గోపురం 173 అడుగులని సరిగ్గానే రాశారు, పోస్నెట్ దొర కట్టించాడనీ రాశారు, కరువులో కూలి దొరకని జనానికి పని చూపించడానికి ఆ కట్టుబడి సాగిందన్న ముక్క మాత్రం బాక్సులో చివరి లైనుకు పోయింది. నా లెక్కలో అది మొదటి లైను.

ఇక అసలు విషయం. బాపు ఆ మాట అన్నాక ఊరుకోలేదు. "నన్ను ఒకసారి తిప్పుకరాండ్రి, ఎవరెవరు ఉన్నరో చూస్త" అన్నాడు. క్రిస్మస్ అయిపోయిన మూడో రోజు కారు కిరాయికి తీసుకుని బాపు, అమ్మ, నేను, మా ఆయన, పుణె నుంచి వచ్చిన మా అబ్బాయి బయల్దేరాం. మా ఆయన డ్రైవింగు, ముందు సీట్లో బాపు. నాలుగు రోజులు. ఆ నాలుగు రోజులూ కారులో ఫోనుకూ బాపుకూ పంచాయితీయే. ఫోను బైపాస్ అంటుంది, బాపు ఊళ్లోకి అంటాడు. "బైపాస్ మీద మనుషులుంటరా?" అని ఆయన వాదన. చివరికి మా అబ్బాయి మ్యాపు కట్టేసి తాతనే అడగడం మొదలుపెట్టాడు, ఆయన చింతచెట్టు దగ్గర తిప్పమనేవాడు, ఆ చింతచెట్టు కొట్టేసి ఇరవై ఏళ్లయి ఉండేది.

మొదట నర్సంపేట. బాపు 1974లో సెకండ్ హ్యాండ్ రాజ్‌దూత్ కొన్నాడు, అంతకు ముందు సైకిలే. ఆ బండిని ఇరవై రెండేళ్లు బతికించింది ఒక ముస్లిం మెకానిక్. ఇప్పుడు ఆయనకు ఎనభై దాటాయి, కొడుకులు వేరే షోరూముల్లో చేస్తున్నారు, ఈయన మాత్రం పాత షెడ్డులోనే కూర్చుంటాడు. కిరసనాయిలు పోసిన రేకు డబ్బాలో నట్లు నానుతున్నాయి, పక్కన పళ్లు తోముకునే బ్రష్షుతో ఒక ప్లగ్గును రుద్దుతున్నాడు. కారు దిగుతుంటే తలెత్తి బాపు మొహం చూడలేదు, కాలు చూశాడు. "పాస్టర్ సాబ్, కిక్కు తన్నిన కాలు ఎట్లున్నది?" అన్నాడు. ఆ బండి ఒకసారి కిక్కు వెనక్కి తన్ని బాపు మడమ వాచిపోతే నెల రోజులు ఈయనే వెనక కూర్చోబెట్టుకుని ఊళ్లు తిప్పాడట. ఆదివారం ఆదివారం చర్చి బయట బండి దగ్గర బీడీ కాలుస్తూ ప్రార్థన అయిపోయిందాకా కూర్చునేవాడు. అలా మూడు నాలుగు ఊళ్లు. ఆ నెల బాపు చెప్పిన వాక్యాలన్నీ ఈయనకు కూడా నోటికొచ్చేశాయని అమ్మ ఇప్పటికీ నవ్వుతుంది.

కూర్చున్నాక అయిదు నిమిషాలు ఆరోగ్యాలు, పోయినవాళ్లు, పెళ్లిళ్లు. ఆ తర్వాత ఆయన గొంతు సవరించుకుని, "క్లచ్ వైరు పైసలు బాకీ ఉన్నయి సాబ్, పద్నాలుగు రూపాయలు" అన్నాడు. బాపు, "ఇచ్చిన!" అన్నాడు. "ఇయ్యలే." "గూడూరు పోయేరోజు పొద్దుగాల ఇచ్చిన, నీ బామ్మర్ది చేతుల పెట్టిన." "నా బామ్మర్ది చేతుల పెడితే నాకు ఇచ్చినట్టా సాబ్?" ఇద్దరూ గట్టిగానే అరుచుకుంటున్నారు, పక్క టీ కొట్టు వాళ్లు కూడా తొంగి చూశారు. మా ఆయనకు టెన్షన్ వచ్చి పర్సు తీసి వంద నోటు బయటికి లాగాడు. అంతే, ఇద్దరూ కలిసి ఆయన మీద పడ్డారు. మా లెక్కల మధ్యలో నువ్వెందుకు వచ్చినవని. ఆ బాకీ తేలలేదు. తేలకూడదనే ఉంచుకున్నారని నాకు తర్వాత అర్థమైంది. రంజాన్‌కు ఆయన ఇంటి నుంచి షీర్‌ఖుర్మా వచ్చేది, క్రిస్మస్‌కు అమ్మ చేసిన గరిజెలు టిఫిన్ డబ్బాలో ఆయనింటికి పోయేవి. ఆ డబ్బా కూడా తిరిగి రాలేదని అమ్మ అంటుంది. అది వేరే బాకీ.

సాయంత్రానికి గూడూరు, మహబూబాబాద్ మీదుగా డోర్నకల్ చేరాం. దారిలో ఒర్రెల మీద ఇప్పుడు కల్వర్టులున్నాయి, అప్పుడు వానాకాలంలో ఒర్రె పొంగితే ఇవతలి ఊళ్లోనే ఎవరింట్లోనో పడుకోవాలి. ఎవరింట్లోనో అంటే కులం చూసుకునే రోజులవి. చాలా ఇళ్లలో పాస్టరుకు అరుగు దాకానే. కంచంలో పెట్టకుండా విస్తరిలో వేసిన ఇళ్లున్నాయి, చేతులు కడుక్కోను నీళ్లు పైనుంచి పోసిన ఇళ్లున్నాయి. లోపలికి పిలిచి నులకమంచం వేసిన ఇళ్లూ ఉన్నాయి. బాపు అవన్నీ గుర్తుపెట్టుకున్నాడు గానీ ఏ ఇల్లు ఏదో మాకు చెప్పడు. రోడ్డు పక్కన ఒక్కో ఊరు వస్తుంటే ఒక్కోచోట చెయ్యెత్తి దండం పెట్టేవాడు, ఒక్కోచోట కిటికీ అద్దం పైకెత్తేవాడు. మేం ఊహించుకోవడమే.

డోర్నకల్ కెథడ్రల్ గురించి మీరు రాశారు. 1939 జనవరి 6న ప్రతిష్ఠ చేశారు. గుమ్మటాలు మసీదును తలపిస్తాయి, లోపలి స్తంభాలు గుడి స్తంభాలలా ఉంటాయి, చూడాల్సిన కట్టడమే. మేం అక్కడ పావుగంట కూర్చున్నాం. అమ్మ మాత్రం చర్చి వైపు సరిగ్గా చూడను కూడా లేదు, రైలు పట్టాల అవతలికి పోదాం పదండి అని తొందర. అక్కడ ఒక రేకుల ఇంట్లో బైబిలమ్మ ఉంటుంది.

బైబిలమ్మ అంటే ఇప్పటి పిల్లలకు తెలియదు. ఎక్కువగా చిన్న వయసులో భర్త పోయినవాళ్లు. మిషన్ వాళ్లు నాలుగు అక్షరాలు నేర్పి, చంకకు సంచి తగిలించి ఊళ్ల మీదికి పంపేవాళ్లు. నడకే. ఆడవాళ్ల దగ్గర కూర్చుని కథ చెప్పాలి, పాట నేర్పాలి, పనిలో పనిగా పలక మీద వాళ్ల పేరు రాయించాలి. బాపుకు రాజ్‌దూత్ వచ్చాక కూడా ఈమె నడిచే వెళ్లేది, ఎందుకంటే పాస్టరు బండి వెనక ఆడమనిషి కూర్చుంటే ఊరు ఊరుకోదు. బండి మీద బాపు పోయిన ఊళ్లన్నిటికీ ఆమె ఒకరోజు ముందే బయల్దేరి నడిచిపోయేది. రిపోర్టులో మాత్రం పర్యటించినది పాస్టరు.

ఆమెకు ఇప్పుడు చూపు లేదు. అమ్మ వెళ్లి పక్కన కూర్చుని ఏమీ మాట్లాడకుండా ఆమె చేతిలో అరటిపండు పెట్టింది. ఆమె పండు పట్టుకోలేదు, పండు పెట్టిన చేతిని పట్టుకుంది. వేళ్ల మీద నుంచి మణికట్టు దాకా తడిమి, "ఇంకా ఎడమ చేత్తోనే పెడ్తున్నవా అక్కా, తిడ్తరని చెప్పిన గదా" అంది. మా అమ్మది ఎడమచేతి వాటం. వడ్డించేటప్పుడు సంఘపెద్దలు చూసి ఏమంటారోనని మొదటి ఏడాదంతా ఈమె అమ్మ పక్కనే నిలబడి కుడిచేతికి గరిటె మార్చేదట. నాకు మూడేళ్లప్పుడు జ్వరంతో ఒళ్లు తెలియకుండా పడుంటే, బాపు క్యాంపులో ఉంటే, ఈమె నన్ను భుజాన వేసుకుని బస్సు దొరికే రోడ్డు దాకా చీకట్లో నడిచిందని నాకు అరవై దాటాక, ఆ రేకుల ఇంట్లో తెలిసింది. ఇంట్లో ఎవరూ చెప్పలేదేమంటే, అమ్మ "నువ్వు అడగలే" అంది.

అమ్మ సంగతి కూడా రాయాలి, ఆమె ఒప్పుకోకపోయినా. పాస్టరుకు జీతం వచ్చేది, పాస్టరమ్మకు రాదు. ఆదివారం ఆరాధన అయ్యాక దూరం ఊళ్ల నుంచి నడిచొచ్చినవాళ్లు మా ఇంటి ముందు కూర్చునేవాళ్లు. పదిమందో ఇరవై మందో ముందు తెలియదు. అన్నం, పప్పు, పచ్చిపులుసు. కోతలయ్యాక కృతజ్ఞతల పండుగలో చర్చి ముందు గుమ్మడికాయ వేలం వేసేవాళ్లు. పాట రూపాయితో మొదలై పదులకు పోయేది, కొన్నవాడు దాన్ని మళ్లీ చర్చికే ఇచ్చేవాడు, మళ్లీ వేలం, ఒకే కాయ నాలుగుసార్లు అమ్ముడుపోయేది, ఆఖరికి అది మా వంటింటికి వచ్చేది. వేలం డబ్బు రసీదు పుస్తకంలో ఉంటుంది. గుమ్మడికాయ కూర తిన్నవాళ్ల లెక్క ఏ పుస్తకంలోనూ లేదు.

రెండో రోజు రాత్రికి హనుమకొండ వచ్చి పడుకుని, మూడో రోజు ములుగు రోడ్డు పట్టాం. ఈ రోడ్డు మీద బాపు కోసం మిషన్ జీపు తోలిన డ్రైవరు పోయి పదేళ్లయింది, ఆయన భార్య ఉంది. ఆ డ్రైవరు గట్టమ్మ భక్తుడు. ములుగు దగ్గర గట్టమ్మ గుడి దాటేటప్పుడు జీపు ఆపకుండా ఒక్కసారి కూడా పోలేదు. లోపల పాస్టరు ఉన్నా, పైనుంచి వచ్చిన పెద్ద అయ్యగార్లు ఉన్నా అంతే. దిగి కొబ్బరికాయ కొట్టి, బొట్టు పెట్టుకుని, మళ్లీ స్టీరింగు పట్టేవాడు. ఒకసారి ఎవరో పెద్దాయన ఇదేంటని బాపును అడిగితే, "అయ్యా, ఈ ఘాట్ల తోలేది ఆయన, మనం కూసున్నోళ్లం" అన్నాడట. మొన్న మేం కూడా అక్కడ ఆపాం. బాపు దిగలేదు, హారన్ కొట్టనివ్వలేదు, అప్పుడు ఎంతసేపు ఆగేవాళ్లో అంతసేపు ఆగి పదమన్నాడు.

తాడ్వాయి దాటాక అడవిలోపల ఒక కోయగూడెంలో బాపు దోస్తు ఉన్నాడు. ఆయన బాప్తిస్మం తీసుకోలేదు, తీసుకుంటానని ఎప్పుడూ అనలేదు, బాపు అడగడం మానేసి కూడా యాభై ఏళ్లయింది. అయినా మేడారం జాతర ఏడాది తప్ప ప్రతి క్రిస్మస్‌కు ఒక కోడిపుంజు పట్టుకుని వచ్చేవాడు. ఇద్దరూ ఇప్పచెట్టు కింద కూర్చుని గంటసేపట్లో పది మాటలు మాట్లాడి ఉంటారు. ఏటూరునాగారం దాటి ముల్లకట్ట దగ్గర గోదావరి వంతెన మీద కారు ఆపితే బాపు కిందికి చూస్తూ, "ఇక్కడ పడవ ఆయన గంట ఆలస్యమైతే తిట్టెటోన్ని" అన్నాడు. ఆ పడవ ఆయన ఎవరో ఆరా తీశాం. దొరకలేదు.

ఆఖరి రోజు డిచ్‌పల్లి. కరీంనగర్, జగిత్యాల, మెట్‌పల్లి, ఆర్మూర్ మీదుగా దూరం ఎక్కువే, అంకాపూర్‌లో ఆగి నాటుకోడి తినిపిస్తామంటే అమ్మ కూడా ఓపిక తెచ్చుకుంది. అక్కడి కుష్టు ఆసుపత్రి గురించి మీరు రాసింది మర్యాదగా ఉంది. స్కాట్లాండ్ నుంచి వచ్చిన ఇసబెల్ కెర్ డాక్టరమ్మ 1915లో మొదలుపెట్టింది నిజమే. దానికి చెయ్యందించిన నర్సా గౌడ్‌కు అరలైనే దక్కింది. పుండ్లు కడిగి కట్లు కట్టిన డ్రెస్సర్లకు అది కూడా లేదు. బాపుతో చదువుకున్న ఒకాయన అక్కడ డ్రెస్సరుగా చేశాడు, వాళ్ల నాన్న కూడా అదే పని. చాల్‌మోగ్రా నూనె సూదులు ఇచ్చే కాలంలో చర్మం కిందికి ఆ చిక్కటి నూనె ఎక్కుతుంటే పెద్ద మగవాళ్లు కూడా ఏడ్చేవాళ్లని వాళ్ల నాన్న చెప్పేవాడట. తర్వాత డాప్సోన్ మాత్రలు, 1982 నుంచి మూడు మందులు కలిపి ఇచ్చే చికిత్స వచ్చాక పెద్దరోగం మామూలు రోగమైంది. "మందు కంటే ముందు రోడ్డు కష్టం వదినా" అని ఆయన మా అమ్మతో అన్నాడు. పెద్దరోగం వాళ్లను బస్సు ఎక్కనిచ్చేవాళ్లు కాదు. పుండ్ల కాళ్లతో నాలుగైదు రోజులు నడిచి వచ్చేవాళ్లు. నయమైనట్టు కాగితం చేతిలో ఉన్నా, తిరిగి పోయేటప్పుడూ నడకే.

మిషనరీల గురించి మన దగ్గర రెండే రకాలుగా రాస్తారు. మతం మార్చడానికి వచ్చారని తిట్టేవాళ్లు ఒక రకం, దేవదూతలని దండం పెట్టేవాళ్లు ఇంకో రకం. ఇద్దరూ దొర చుట్టూనే తిరుగుతారు. మెకానిక్ తాతను ఏ రకంలో వేస్తారు? గట్టమ్మ డ్రైవరును? యాభై ఏళ్లుగా పుంజు తెచ్చే కోయ తాతను? మా బాపు మీద కూడా నాకు ఫిర్యాదులున్నాయి, అమ్మను వంటింట్లో వదిలి ఊళ్లు పట్టుకు తిరిగాడు, బైబిలమ్మను బస్సు చార్జీలు ఇవ్వకుండా నడిపించారు కదా అంటే ఇప్పటికీ సరిగ్గా జవాబు చెప్పడు. అవి కూడా రాయండి, ఫర్వాలేదు.

మీకు మండలానికొక విలేకరి ఉన్నాడు. డిసెంబరు రాగానే చర్చి మీద స్టారు, కేకు కోస్తున్న ఎమ్మెల్యే, ఏటా అవే ఫొటోలు. ఒక్కసారి ఈ రోడ్ల మీద పాత మనుషుల దగ్గరికి పంపండి. మేం వెతుక్కుంటూ పోయినవాళ్లు పదకొండు మంది, దొరికినవాళ్లు అయిదుగురు. అందరూ ఎనభై దగ్గర్లోనో పైనో ఉన్నారు.

ముందు నర్సంపేటకే పంపండి. షెడ్డు పాత సందులో వేపచెట్టు కింద ఉంటుంది, బోర్డు లేదు, రాజ్‌దూత్ మెకానిక్ అంటే ఎవరైనా చూపిస్తారు. మధ్యాహ్నం నమాజుకు పోయి కాసేపు పడుకుంటాడు, మూడు దాటాక వెళ్లమనండి. పద్నాలుగు రూపాయల సంగతి అడిగితే మాత్రం పాస్టర్ సాబ్ ఇచ్చేశాడని చెప్పమనండి, బాపు మరీ మరీ రాయమన్నాడు.

ఇట్లు
ఒక పాస్టరోళ్ల బిడ్డ, హనుమకొండ